చివరిదాకా కీలు మారుస్తూనే ఉన్న షోల్స్

మీ హాస్టల్లో కీబోర్డు పిచ్చి ఉన్నవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. కిట్ తెప్పించుకుంటారు, స్విచ్‌లు ఒక్కొక్కటే విప్పి బ్రష్‌తో గ్రీజు రాస్తారు, స్పేస్‌బార్ గలగలమంటోందని దాని కింద టేపు అతికిస్తారు, నచ్చిన రంగు కీక్యాప్‌లు వేసుకుంటారు. ఇంత చేసినా ఒక్కదాని జోలికి మాత్రం దాదాపు ఎవరూ పోరు. అక్షరాలు ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి. ఎడమవైపు పైవరుసలో క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్, టీ, వై. ఆ వరుస పెట్టిన మనిషి మాత్రం దాన్ని అలా వదిలేయలేదు. చనిపోయేదాకా మారుస్తూనే ఉన్నాడు. ఆయన పేరు క్రిస్టఫర్ లాథమ్ షోల్స్.

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఆయన కథ ఎందుకంటారా? షోల్స్ ఇంజినీరింగ్ చదివినవాడు కాదు. యాభైకి దగ్గరపడుతున్న వయసులో, వేరే ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు ఒక వర్క్‌షాపులో కూర్చుని ఈ పని మొదలుపెట్టాడు. మొదటి నమూనా పనిచేసిన రోజుకీ, ఆ యంత్రం జనం చేతికి వెళ్లిన రోజుకీ మధ్య దాదాపు ఏడేళ్లు పట్టింది. మనకు కావలసిన విషయమంతా ఆ ఏడేళ్లలోనే ఉంది.

అచ్చు గదిలో చదువు

షోల్స్ 1819 ఫిబ్రవరి 14న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం మూర్స్‌బర్గ్‌లో పుట్టాడు. టీనేజీలోనే అచ్చు పని నేర్చుకోవడానికి ప్రెస్సులో చేరాడు. అక్కడే నాలుగేళ్లు గడిచాయి. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి వరుసగా పేర్చడమే పని. కంపోజిటర్ ముందుండే అరల పెట్టెలో అక్షరాలు ఏ, బీ, సీ, డీ వరుసలో ఉండవని గుర్తుపెట్టుకోండి. ఎక్కువ వాడే అక్షరానికి పెద్ద అర, అదీ చేతికి దగ్గరగా. అరుదుగా వాడేది మూలన ఉంటుంది. అక్షరమాల వరుస వేరు, చేతికి వీలైన వరుస వేరు అన్న సంగతి ఆ కుర్రాడికి పుస్తకం చెప్పలేదు, వేళ్లే చెప్పాయి.

1837లో విస్కాన్సిన్‌కి వెళ్లాడు. అప్పటికది ఇంకా రాష్ట్రం కూడా కాదు. అక్కడ పత్రికలు నడిపాడు, రాష్ట్ర శాసనసభలోనూ సెనేట్‌లోనూ కూర్చున్నాడు. 1851లో కెనోషా ఊళ్లో వేలమంది చూస్తుండగా ఒక మనిషిని ఉరి తీశారు. అతని ప్రాణం పోవడానికి చాలా నిమిషాలు పట్టింది. షోల్స్ తన పత్రికలో ఆ శిక్షనే తప్పుపట్టాడు, తర్వాత శాసనసభలో దాని రద్దు కోసం పనిచేశాడు. 1853లో విస్కాన్సిన్ మరణశిక్షను రద్దు చేసింది. ఈరోజుకీ అక్కడ ఆ శిక్ష లేదు. టైప్‌రైటర్ ఊసే లేకపోయినా ఈ ఒక్కదానికే ఆయన పేరు చరిత్రలో మిగిలేది.

తర్వాత మిల్వాకీ నగరంలో పత్రికా సంపాదకుడయ్యాడు. అధ్యక్షుడు లింకన్ హయాంలో ఆ రేవుకు కస్టమ్స్ కలెక్టర్‌గా నియమితుడయ్యాడు. జీతం ఉంది, గౌరవం ఉంది. సాయంత్రాలు ఖాళీ ఉంది. ఆ ఖాళీని ఆయన క్లైన్‌స్టూబర్ అనే అతని యంత్రాల వర్క్‌షాపులో గడిపేవాడు. మీ కాలేజీ టింకరింగ్ ల్యాబ్ లాంటిదే అనుకోండి, కాకపోతే మసి కాస్త ఎక్కువ.

ఒకే ఒక్క అక్షరం

అక్కడ శామ్యూల్ సూల్ అనే మరో అచ్చుపనివాడితో కలిసి, టికెట్లకూ రసీదులకూ వరుసగా అంకెలు వేసే యంత్రం తయారుచేశాడు. 1866లో దానికి పేటెంట్ కూడా వచ్చింది. అదే వర్క్‌షాపులో నాగలి యంత్రం మీద కుస్తీ పడుతున్న కార్లోస్ గ్లిడెన్ దాన్ని చూశాడు. అంకెలు వేసేది అక్షరాలెందుకు వేయకూడదన్న ప్రశ్న ఆయనది. 1867 జులైలో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో, అలబామాకు చెందిన జాన్ ప్రాట్ లండన్‌లో చూపించిన రాత యంత్రం గురించి వ్యాసం వచ్చింది. గ్లిడెన్ దాన్ని తెచ్చి చూపిస్తే, ఇంత గజిబిజి అక్కర్లేదని షోల్స్‌కి అనిపించింది.

మొదట ఏం చేశాడో చూడండి. మొత్తం యంత్రం గీయలేదు. ఒక పాత టెలిగ్రాఫ్ కీ తీసుకుని, దాని చివర ఒకే ఒక్క అక్షరం బిగించాడు. డబ్ల్యూ. కీ నొక్కితే ఆ అక్షరం కార్బన్ కాగితం మీదుగా తెల్ల కాగితానికి తగిలి అచ్చు పడుతుంది. డబ్ల్యూలు తప్ప ఇంకేమీ రాయలేని ఆ పరికరం చాలు, ఆలోచన నిలబడుతుందా లేదా తేల్చుకోవడానికి. ప్రాజెక్టు రిపోర్టులో ముప్పై ఫీచర్లు రాసుకుని ఒక్కటీ పనిచేయించలేక తంటాలు పడే ఫైనలియర్ బ్యాచ్‌లు ఈ డబ్ల్యూని గోడకు అతికించుకోవచ్చు.

1867 శరత్కాలానికల్లా పూర్తి నమూనా తయారైంది. కీబోర్డు పియానో మెట్లలాగే ఉండేది, నలుపు తెలుపు రెండు వరుసలు. అక్షరాలన్నీ పెద్దబడివే. అంకెల్లో సున్నా, ఒకటి లేవు, వాటి బదులు ‘ఓ’ని, ‘ఐ’ని వాడుకోవాలి. అక్షరాలు దాదాపుగా అక్షరమాల వరుసలోనే ఉన్నాయి. 1868 జూన్ 23న పేటెంట్ వచ్చింది. షోల్స్, గ్లిడెన్, సూల్ ముగ్గురి పేర్లూ ఉన్నాయి.

పేటెంట్ చేతికొచ్చింది, యంత్రం పనిచేస్తోంది. మనలో చాలామంది ఇక్కడితో ఆగి రెజ్యూమెలో రాసేసుకుంటాం.

విరగ్గొట్టే మనిషి కావాలి

షోల్స్‌ను ఆగనివ్వనివాడు జేమ్స్ డెన్స్‌మోర్. పాత్రికేయ రోజుల నాటి పరిచయం. ఆ యంత్రం మీదే కొట్టిన ఉత్తరం ఒకటి అందగానే, యంత్రాన్ని కంటితో కూడా చూడకుండా, అప్పటిదాకా అయిన 600 డాలర్ల ఖర్చు భరించి నాలుగో వంతు వాటా కొన్నాడు. 1868లో వచ్చి చూశాక మాత్రం మొహమాటపడలేదు. సూత్రం సరే కానీ యంత్రంగా ఇది పనికిరాదని తేల్చేశాడు. సూల్, గ్లిడెన్ మెల్లగా పక్కకు తప్పుకున్నారు. మిగిలింది షోల్స్, ఆయన్ని వెంటపడి తరిమే డెన్స్‌మోర్.

డెన్స్‌మోర్ చేసిన తెలివైన పని, యంత్రాలను మెచ్చుకునేవాళ్లకు కాకుండా రోజంతా రాసేవాళ్లకు పంపడం. షికాగోలో పోర్టర్ అనే ఆయన నడిపే టెలిగ్రాఫ్ శిక్షణ కళాశాల 1868లో ఒకటి కొన్నది. వాషింగ్టన్‌లో జేమ్స్ క్లెఫేన్ అనే కోర్టు స్టెనోగ్రాఫర్‌కి మరికొన్ని వెళ్లాయి. క్లెఫేన్ వాటిని వాడలేదు, నలగ్గొట్టాడు. ఒకటి పాడైతే ఇంకోటి, అదీ పాడైతే మరోటి. ప్రతిదానితోపాటు తప్పుల చిట్టా తిరిగొచ్చేది. షోల్స్‌కి విసుగొచ్చింది, కోపమొచ్చింది, ఒక దశలో ఇక చాలనుకున్నాడు. డెన్స్‌మోర్ లెక్క వేరు. ఈ తప్పులు ఇప్పుడే బయటపడాలి, ఫ్యాక్టరీకి వెళ్లాక కాదు. తిట్టుకుంటూనే షోల్స్ మళ్లీ బల్ల ముందు కూర్చునేవాడు. అలా నమూనా మీద నమూనా, పదుల కొద్దీ తయారయ్యాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెస్టింగ్ ఉద్యోగం అనగానే మొహం చిట్లించేవాళ్లు క్లెఫేన్‌ని ఒక్కసారి తలచుకోండి. ఆయన తర్వాత మెర్గెంతేలర్ అనే యువకుణ్ని వెన్నుతట్టి లైనోటైప్ యంత్రం పుట్టడానికీ కారకుడయ్యాడు. పత్రికల్లో చేత్తో అక్షరాలు పేర్చే పనిని మార్చేసింది ఆ యంత్రమే.

మరి ఆ తప్పుల్లో పెద్దది ఏంటి? చిక్కుకోవడం. లోపల ఒక్కో అక్షరానికి ఒక్కో లోహపు కమ్మీ ఉంటుంది. అవన్నీ గుండ్రంగా బుట్టలా వేలాడుతుంటాయి. కీ నొక్కగానే కమ్మీ పైకి లేచి మధ్యలో ఒకేచోట కాగితానికి కింది నుంచి తగులుతుంది. తర్వాత తన బరువుతోనే కిందికి పడాలి. అది పడేలోపే పక్క కమ్మీ లేచిందా, రెండూ పెనవేసుకుంటాయి. పైగా అచ్చు కాగితం అడుగున పడుతుంది కాబట్టి, ఏం తప్పు పడిందో కొడుతున్నవాడికి నాలుగైదు వరుసలు పైకి జరిగితే తప్ప తెలియదు.

ఇక్కడ రెండు దారులున్నాయి. కమ్మీల యంత్రాంగాన్ని మార్చడం ఒకటి, అక్షరాల చోట్లు మార్చడం ఇంకోటి. షోల్స్ రెండూ చేశాడు. పియానో మెట్లు పోయి గుండ్రటి బొత్తాల్లాంటి కీలొచ్చాయి. రెండు వరుసలు నాలుగయ్యాయి. మీ కీబోర్డులో ఒక వరుస కీలు కింది వరుసకు సరిగ్గా పైన కాకుండా కాస్త పక్కకు జరిగి ఉంటాయి, గమనించారా? ప్రతి కీ కిందనుంచి ఒక పొడవాటి మీట వెనక్కి వెళ్లాలి. నాలుగు వరుసల మీటలు ఒకదానికొకటి తగలకుండా పోవాలంటే కీలు ఏటవాలుగా జరగాల్సిందే. మీటలు పోయి దశాబ్దాలైంది. ఆ ఏటవాలు మాత్రం మీ ల్యాప్‌టాప్‌లో కూడా అలాగే ఉంది. ఈమధ్య కీలు నిలువుగా సరిసమానంగా ఉండే కీబోర్డులు సొంతంగా కట్టుకుంటున్నవాళ్లు వదిలించుకుంటున్నది ఈ మీటల దయ్యాన్నే.

1870 నాటికి అచ్చులు పై వరుసలోకి వచ్చాయి. 1872 ఆగస్టులో సైంటిఫిక్ అమెరికన్ ఈ యంత్రం బొమ్మ వేసినప్పుడు పై అక్షరాల వరుస క్యూ, డబ్ల్యూ, ఈ అని మొదలై, ఆ తర్వాత ఒక ఫుల్‌స్టాప్, తర్వాత టీ, వై అని సాగింది. ఇప్పుడు ఆర్ ఉన్న చోట అప్పుడు చుక్క ఉండేదన్నమాట.

అసలు ఎందుకీ వరుస?

టైపిస్టులు మరీ వేగంగా కొట్టకుండా ఉండాలని షోల్స్ కావాలనే అక్షరాలను చిందరవందర చేశాడని మీరు వినే ఉంటారు. క్విజ్‌లలో కూడా ఈ జవాబు చెలామణీలో ఉంది. నమ్మకండి. వేగంగా రాయడానికే యంత్రం కట్టినవాడు వేగం తగ్గించాలని ఎందుకు చూస్తాడు? తరచుగా జతగా వచ్చే అక్షరాల కమ్మీలు ఒకదాని పక్కన ఒకటి లేకుండా చేశాడన్నది చాలాకాలంగా చెబుతున్న వివరణ. దీన్ని కూడా అందరూ ఒప్పుకోవడం లేదు. ఇంగ్లిషులో విపరీతంగా కలిసి వచ్చే ఈ, ఆర్ రెండూ మన కీబోర్డులో పక్కపక్కనే ఉన్నాయి మరి.

జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో మరో వాదన వినిపించారు. తొలి వినియోగదారుల్లో టెలిగ్రాఫ్ వాళ్లున్నారు కదా. మోర్స్ సంకేతాలు చెవితో వింటూ అప్పటికప్పుడు కొట్టాలి. అప్పటి అమెరికన్ మోర్స్‌లో జెడ్ సంకేతమూ, ఎస్ తర్వాత ఈ వచ్చే సంకేతమూ చెవికి ఒకేలా వినబడేవి. తర్వాతి అక్షరం వినేదాకా ఏది కొట్టాలో తేలదు. అందుకే ఆ మూడూ దగ్గరదగ్గరగా ఉంటే వారికి సులువు. మీ కీబోర్డులో ఎడమవైపు చూడండి, మూడూ ఒకే మూల ఉన్నాయి. నా మటుకు నాకు ఒకే ఒక్క కారణం వెతకడమే పొరపాటనిపిస్తుంది. ఏళ్ల తరబడి రకరకాల జనం ఫిర్యాదులకు చేసిన రకరకాల సవరణల మొత్తమే ఆ వరుస.

కుట్టు మిషన్ మీద పూలు

1873 మార్చి 1న డెన్స్‌మోర్ బృందానికీ, న్యూయార్క్ రాష్ట్రం ఇలియన్‌లోని రెమింగ్టన్ సంస్థకూ ఒప్పందం కుదిరింది. అంతర్యుద్ధం ముగిశాక తుపాకుల ఆర్డర్లు తగ్గడంతో ఆ కంపెనీ కుట్టు మిషన్లు, వ్యవసాయ యంత్రాలు చేస్తూ కొత్త సరుకు కోసం చూస్తోంది. అక్కడి మెకానిక్‌లు యంత్రాన్ని మళ్లీ విప్పి మళ్లీ కట్టారు. ఆర్ అక్షరం ఇప్పుడున్న చోటికి వచ్చింది ఈ దశలోనే. కుట్టు మిషన్ విభాగం చేతిలో పడింది కాబట్టి, 1874లో మార్కెట్లోకి వచ్చిన షోల్స్ అండ్ గ్లిడెన్ టైప్‌రైటర్ చూడటానికి కూడా కుట్టు మిషన్‌లాగే ఉండేది. నల్లటి పెట్టె మీద రంగురంగుల పూలు, కింద కాలితో తొక్కే పెడల్. పెడల్ తొక్కితే వరుస మారేది. ధర 125 డాలర్లు. మార్క్ ట్వెయిన్ ఒకటి కొన్నాడు. మిగతా జనం పెద్దగా కొనలేదు. చిన్నబడి అక్షరాలు లేవు, రాసింది కనబడదు, ధర చూస్తే గుండె గుభేలు.

డబ్బు దగ్గర షోల్స్ తీసుకున్న నిర్ణయం గురించి కాస్త ఆగాలి. ఆయన తన వాటాను 12,000 డాలర్లకు వదులుకున్నాడు. అప్పటికది చిన్న మొత్తమేమీ కాదు. డెన్స్‌మోర్ మాత్రం ఏకమొత్తం వద్దని, అమ్మిన ప్రతి యంత్రం మీదా రాయల్టీకి పట్టుబట్టాడు. చివరికి అంతకు ఎన్నో రెట్లు సంపాదించాడు. స్టార్టప్‌లో జీతమా, షేర్లా అని తల పట్టుకునేవాళ్లకు ఇది తెలిసిన సందిగ్ధమే. షోల్స్‌ని అమాయకుడని తీసిపారేయడం తేలిక. ఆయనకు పదిమంది పిల్లలు, ఒళ్లు అంతంతమాత్రం, ఆరేళ్లుగా చూస్తున్నవి అప్పులు, విరిగిన కమ్మీలు. ఆ బల్ల దగ్గర మీరున్నా చేతిలోకొచ్చే డబ్బే తీసుకునేవారేమో.

1878లో రెమింగ్టన్ రెండో నమూనా వచ్చింది. అందులో షిఫ్ట్ కీ ఉంది. ఒకే కమ్మీ మీద పెద్దబడి, చిన్నబడి రెండూ. అప్పుడు కదిలింది అమ్మకం. ఆఫీసుల్లో టైపిస్టు అనే కొత్త ఉద్యోగం పుట్టింది. అప్పటిదాకా గుమాస్తా కుర్చీ దాదాపుగా మగవాళ్లదే. 1881లో న్యూయార్క్‌లో వైడబ్ల్యూసీఏ అమ్మాయిలకు టైపింగ్ తరగతులు పెట్టింది. అంతకు చాలాముందే, 1872లో, షోల్స్ కూతురు లిలియన్ తండ్రి యంత్రం ముందు కూర్చుని తీయించుకున్న ఫొటో ఉంది. ఆడవాళ్లు తమ కాళ్ల మీద తాము నిలబడటానికి ఈ యంత్రం ఉపయోగపడిందన్న సంతోషం చివరి రోజుల్లో ఆయనకు మిగిలింది.

ఆ ఉద్యోగాల దారి మన ఊళ్లదాకా వచ్చింది. టైప్ ఇన్‌స్టిట్యూట్ లేని పట్టణం ఉండేది కాదు ఒకప్పుడు. లోయర్, హయ్యర్ పాసై కోర్టుల్లో, కలెక్టరేట్లలో చేరినవాళ్లు మీ ఇంట్లోనే ఉండొచ్చు, అడిగి చూడండి. కంప్యూటర్లో తెలుగు కొట్టడానికి ప్రభుత్వం ప్రమాణంగా తెచ్చిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చేలా పంచారు. భాష మనది, పంపకం మనది. కీల చట్రం మాత్రం షోల్స్ కాలానిదే, ఏటవాలుతో సహా.

తాళం పడిన తర్వాత

హక్కులు అమ్మేశాక షోల్స్ హాయిగా ఉండొచ్చు. ఉండలేదు. క్షయ పట్టుకుంది. చాలాకాలం మంచాన పడ్డాడు. మంచం మీదే కొత్త యంత్రాలకు బొమ్మలు గీశాడు. కొడుకులు లూయీ, జాల్మన్ కూడా టైప్‌రైటర్ల పనిలోనే దిగారు. 1889లో మరో పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు. అందులో అక్షరాల వరుస క్యూతో మొదలుకాదు. ఎక్స్, పీ, ఎమ్, సీ, హెచ్ అంటూ పూర్తిగా కొత్త పంపకం. ప్రపంచం వేళ్లకు అలవాటవుతున్న వరుసను, దాన్ని పెట్టినవాడే పక్కనపెట్టాడు.

1890 ఫిబ్రవరి 17న మిల్వాకీలో కన్నుమూశాడు. 1893లో రెమింగ్టన్‌తో సహా అప్పటి పెద్ద టైప్‌రైటర్ కంపెనీలు ఒకే సంస్థ కిందికి చేరాయి. అంతటా క్వర్టీయే నిలబడింది. నేర్పే బడులు దాన్నే నేర్పాయి, నేర్చినవాళ్లనే కంపెనీలు తీసుకున్నాయి, వాళ్లకోసం మళ్లీ అవే యంత్రాలు కొన్నారు. 1936లో ఆగస్ట్ డ్వొరాక్ ఇంకో వరుసకు పేటెంట్ తెచ్చి దశాబ్దాలపాటు ప్రచారం చేసినా ఈ గుండ్రం తెగలేదు.

ఇవాళ కిట్ కొని కట్టుకునే చాలా కీబోర్డుల్లో క్యూఎంకే అనే ఉచిత ఫర్మ్‌వేర్ నడుస్తుంది. ఏ కీ నొక్కితే ఏ అక్షరం రావాలో సీ భాషలో రాసిన చిన్న ఫైలులో ఉంటుంది. అది మార్చి, కంపైల్ చేసి, కేబుల్‌తో ఎక్కిస్తే సరి. సీ నేర్చుకుంటూ ఎంబెడెడ్ వైపు చూస్తున్నవాళ్లకు చేతిలో పట్టుకుని చూపించగల ప్రాజెక్టు అది. కీక్యాప్‌లు కూడా పీకి మార్చుకోవాలంతే. షోల్స్‌కి ఒక్కో వరుస మార్చడానికి కమ్మీలు, మీటలు మళ్లీ పోతపోయించాల్సి వచ్చేది.

ఆ ఎక్స్, పీ, ఎమ్ వరుస ఉన్న పేటెంట్ 1896 సెప్టెంబర్‌లో మంజూరైంది. అప్పటికి ఆయన పోయి ఆరేళ్లు దాటింది.